జంగ్ వచ్చినప్పుడే మాఫీ: రాత పరీక్షలు, ఫీజులు, కొన్ని పాత కానూన్లు

మా చెల్లెలి కూతురు గుంటూరులో ఇంజనీరింగ్ చదివి, పై చదువుకి అమెరికా పోయింది. దిగిన రెండో వారంలో ఫోన్ చేసింది.

“మామూ, ఇక్కడ ఇంకో ఇమ్తెహాన్ పెట్టారు. ఒక వ్యాసం రాయమన్నారు, రాశాను. రాత సరిపోలేదని ఒక క్లాసులో వేశారు. ఆ క్లాసుకి క్రెడిట్ లేదు, డిగ్రీ లెక్కలోకి రాదు. ఫీజు మాత్రం ఉంది.”

“టోఫెల్ పాసయ్యావు కదా బేటీ?”

“అది గేటు దగ్గరిది మామూ. ఇది లోపలిది.”

ఎంతో చెప్పింది. నేను రూపాయల్లోకి మార్చుకుని కాసేపు ఖామోష్ అయిపోయాను. వాళ్ల నాన్న పరుపుల దుకాణంలో రెండు మూడు నెలల గల్లా అది. చివర్లో ఆ పిల్ల అడిగిన మాట నన్ను వదల్లేదు.

“రానిది నేర్పిస్తే నేర్పించనీ మామూ. రానందుకు డబ్బెందుకు? ఇది తాలీమా, జుర్మానానా?”

నేను ముప్ఫై ఏళ్లకు పైగా సర్కారీ దఫ్తరులో ఫైళ్లు రాసినవాణ్ణి. ఇంట్లో జుర్మానా అంటాం, ఆఫీసులో జుల్మానా అని రాస్తాం. వసూలు, బాకీ, జమ, ఖర్చు, రసీదు, మాఫీ ఇవన్నీ అరబీ, ఫార్సీల నుంచి ఉర్దూ దారిలో తెలుగు దఫ్తరులోకి వచ్చి స్థిరపడిన మాటలే. వీటిలో చివరిది వేరు. వసూలు ఎవరైనా చేయొచ్చు. మాఫీ అనే మాట మాత్రం కలం చేతిలో ఉన్నవాడే రాయాలి. ఆ కలం ఎప్పుడు కదులుతుంది, ఎవరి కోసం కదులుతుంది అన్నది నా పాత అలవాటు ప్రశ్న. మేనకోడలి జవాబు కోసం అమెరికా యూనివర్సిటీల తవారీఖ్ తిరగేస్తే, ఈ ప్రశ్నే మళ్లీ ఎదురైంది.

సబ్జెక్ట్ ఎ

రాత పరీక్ష అక్కడ మన పిల్లల కోసం పుట్టలేదు. తెల్లవాళ్ల పిల్లల కోసమే పుట్టింది. హార్వర్డ్ 1874లో ప్రవేశానికి ఇంగ్లిష్ వ్యాసం రాసి చూపించాలని షరతు పెట్టింది. మంచి స్కూళ్లలో చదివిన అమీర్ల బిడ్డలే, ఇంగ్లిష్ మాదరీ జబాన్ అయినవాళ్లే, పెద్దసంఖ్యలో తప్పారు. మాదరీ జబాన్ అంటే అమ్మ మాట. అమ్మ మాటలో మాట్లాడటం వేరు, అదే మాటలో పరీక్షకి రాయడం వేరని అప్పుడే తేలిపోయింది.

కాలిఫోర్నియా యూనివర్సిటీ 1868లో పుట్టింది. అది 1898లో ఇలాంటి షరతునే పెట్టింది. ప్రవేశానికి కావలసిన విషయాల జాబితాలో ఇంగ్లిష్ రాత మొదటిది కాబట్టి దానికి ‘సబ్జెక్ట్ ఎ’ అని పేరు పడింది. ఆ పేరు ఆ యూనివర్సిటీలో వందేళ్లకు పైగా నిలిచింది. పరీక్ష తప్పినవాళ్లు సబ్జెక్ట్ ఎ క్లాసులో కూర్చోవాలి. ఆ క్లాసు డిగ్రీకి లెక్కలోకి రాదు. దానికి వేరే ఫీజు. పిల్లలు దాన్ని ‘బోన్‌హెడ్ ఇంగ్లిష్’ అనేవారు, మన మాటలో మొద్దుబుర్రల ఇంగ్లిష్.

ఇక్కడ ఒక ఫర్క్ గమనించండి. ఆ యూనివర్సిటీ తన రాష్ట్రం పిల్లల దగ్గర ట్యూషన్ తీసుకోదని ఎంతో గొప్పగా చెప్పుకునేది. ఇతర ఖర్చుల పేరిట కొంత వసూలు చేసినా, చదువు చెప్పినందుకు రుసుము లేదనేది దాని ఇజ్జత్. రసాయన శాస్త్రం చెప్పినందుకు రుసుము లేదు, లాటిన్ చెప్పినందుకు లేదు. వాక్యం సరిగా రాయడం చెప్పినందుకు మాత్రం ఉంది. వచ్చినవాడికి చదువు ఉచితం, రానివాడికి ఖరీదు. మా మేనకోడలి ప్రశ్నకి నూరేళ్ల కిందటి రూపం ఇది.

ఈ కానూన్ నడుస్తున్న రోజుల్లోనే మన తెలుగువాడొకరు ఆ బర్కిలీలో చదివారు. కనిగిరి ప్రాంతం నుంచి 1912లో అమెరికా వెళ్లిన దరిశి చెంచయ్య గారు. చదువుకని పోయి గదర్ పార్టీలో కలిశారు. గదర్ అంటే ఉర్దూలో తిరుగుబాటు. 1913 నవంబరు 1న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ పార్టీ పత్రిక మొదటి సంచిక ఉర్దూలోనే అచ్చయింది. అదే బర్కిలీలో పేరు నమోదు చేసుకున్న పంజాబీ కుర్రాడు కర్తార్ సింగ్ సరాభా 1915లో లాహోరు జైల్లో ఉరికంబం ఎక్కాడు. చెంచయ్య గారు యుద్ధకాలంలో ఆసియాకు తిరిగొచ్చి, పట్టుబడి, ఏళ్లకేళ్లు జైళ్లలో ఉన్నారు. తర్వాత ‘నేనూ నా దేశం’ రాశారు. జంగ్ మొదలయ్యాక ఏ విద్యార్థీ ఉత్త విద్యార్థిగా మిగలడు. సర్కారు కళ్లకు అతను సిపాయి అవుతాడు, లేదా దుష్మన్ అవుతాడు.

మొదటి జంగ్: నెలకు 30 డాలర్లు

అమెరికా 1917లో యుద్ధంలోకి దిగింది. 1918 అక్టోబరు 1న 500కు పైగా కాలేజీల్లో ‘స్టూడెంట్స్ ఆర్మీ ట్రైనింగ్ కోర్’ అనే ఏర్పాటు మొదలైంది. కాలేజీ కుర్రాడు సిపాయిగా ప్రమాణం చేస్తే చాలు. ట్యూషన్ సర్కారు కడుతుంది. తిండి, పడక సర్కారువే. పైగా సిపాయి జీతం నెలకు 30 డాలర్లు. ‘యుద్ధ విషయాలు’ అని ఒక పాఠం పెట్టారు. కొన్ని కాలేజీల్లో మొదటి ఏడాది ఇంగ్లిష్ రాత స్థానంలోనే దాన్ని నడిపారు. కామా ఎక్కడ పెట్టాలన్న పట్టింపు పక్కకు జరిగి, ఈ యుద్ధం ఎందుకన్నది వ్యాసం అంశమైంది.

నవంబరు 11న జంగ్ ముగిసింది. డిసెంబరులో ఆ ఏర్పాటు రద్దయింది. మాఫీ ఆయుష్షు మూడు నెలలు కూడా లేదు.

ఆ జంగ్ ఇంకో వస్తువుని మాత్రం వదిలి వెళ్లింది. ఫౌజులో చేరిన సుమారు 17 లక్షల మందికి బుద్ధి పరీక్షలు పెట్టారు. ఇంగ్లిష్ చదవగలిగినవాళ్లకి ‘ఆల్ఫా’, చదవలేనివాళ్లకి బొమ్మలతో ‘బీటా’. ఆ పని చేసినవాళ్లలో కార్ల్ బ్రిగమ్ ఒకరు. ఆ మార్కుల్ని పట్టుకుని 1923లో ఆయన ఒక పుస్తకం రాసి, ఫలానా జాతుల బుద్ధి తక్కువ అని తేల్చేశాడు. ఆయన చేతి మీదుగానే 1926లో ఎస్.ఎ.టి. అనే కాలేజీ ప్రవేశ పరీక్ష వచ్చింది. 1930లో తన తీర్మానాలు తప్పని ఆయనే ఒప్పుకున్నాడు. పరీక్షలో బయటపడినది బుద్ధి తక్కువ కాదు, ఇంగ్లిష్‌తో, ఆ దేశపు తీరుతో పరిచయం తక్కువ. తప్పు ఒప్పుకోవడం ఆయన పెద్దరికం. పరీక్ష మాత్రం ఆగలేదు.

రెండో జంగ్: వ్యాసానికి వక్త్ లేదు

ఇక అసలు కథ 1942. అప్పటిదాకా పేరున్న కాలేజీల్లో చేరాలంటే ప్రతి జూన్‌లో కాలేజీ బోర్డు పెట్టే వ్యాసరూప పరీక్షలు రాయాలి. పిల్లలు చేత్తో పేజీలకు పేజీలు రాస్తే, వాటిని దిద్దడానికి టీచర్లు ఒకచోట గుమిగూడేవారు. అదొక వార్షిక ఉర్సు లాంటిది. మంచి రాత అంటే ఏమిటో ఆ కొద్దిమంది కూర్చుని తేల్చేవారు. దశాబ్దాలుగా ఇదే పక్కా పద్ధతి, ఇది లేకపోతే ప్రమాణాలు పడిపోతాయనే వాదన ఉండేది.

1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగింది. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ కాలేజీలు ఏడాది పొడుగునా క్లాసులు పెట్టి డిగ్రీ త్వరగా ఇవ్వాలని నిశ్చయించాయి. వేసవిలోనే క్లాసులైతే జూన్‌లో రాసి, తర్వాత దిద్ది, ఆ తర్వాత చేర్చుకోవడం కుదరదు. దాంతో 1942లో జూన్ వ్యాస పరీక్షలు రద్దయ్యాయి. వాటి స్థానంలోకి ఏప్రిల్‌లో పెట్టే ఎస్.ఎ.టి., గంట గంట చిన్న పరీక్షలు వచ్చాయి. ఆ పాత పద్ధతి జంగ్ అయ్యాక కూడా తిరిగి రాలేదు. ఎస్.ఎ.టి.లోకి వ్యాసం 2005లో వచ్చింది, 2016లో ఐచ్ఛికమైంది, 2021లో పోయింది. మారదన్న ప్రమాణం మారింది, మళ్లీ మళ్లీ మారుతూనే ఉంది.

ఫీజు సంగతి చూడండి. 1943 ఏప్రిల్ 2న దేశమంతటా కుర్రాళ్లకి ఒక అర్హత పరీక్ష పెట్టారు. నెగ్గినవాళ్లు నౌకాదళం వారి ‘వి-12’లో, లేదా సైన్యం వారి ప్రత్యేక శిక్షణలో చేరారు. వి-12 ఆ జులై 1న 131 కాలేజీల్లో మొదలైంది. మొత్తం మీద సుమారు లక్షా పాతిక వేలమంది అందులో చదివారు. ట్యూషన్, పుస్తకాలు, బట్టలు, భోజనం అన్నీ సర్కారువి, పైన జీతం. వాళ్ల పాఠాల్లో ఇంగ్లిష్ రాత కూడా ఉంది. అప్సర్ అయ్యేవాడు హుకుం స్పష్టంగా రాయగలగాలి కదా. రాత రానివాడికి రాత నేర్పించారు, బిల్లు సర్కారుకి పంపారు. ఎవరూ దాన్ని మొద్దుబుర్రల చదువు అనలేదు.

సైన్యం వారి శిక్షణ కథ అంత ఖుషీగా ముగియలేదు. మోర్చాలో మనుషులు తక్కువయ్యారు. 1944 ఫిబ్రవరిలో ఆ ఏర్పాటుని కోసేసి, సుమారు లక్షా పదివేల మందిని క్లాసుల్లోంచి లేపి సిపాయిలుగా పంపారు. ఉచిత చదువు ఎందుకిచ్చారో ఆ రోజు వాళ్లకి పూర్తిగా అర్థమై ఉంటుంది. మాఫీ రాసిన కలమే మోర్చాకి హుకుం కూడా రాసింది.

అదే ఏడాది, అదే బర్కిలీ, వేరే దర్వాజా

1942లోనే ఇంకో హుకుం నడిచింది. ఫిబ్రవరి 19న రూజ్‌వెల్ట్ సంతకం చేసిన 9066వ ఉత్తర్వు. పశ్చిమ తీరంలోని జపాన్ సంతతివాళ్లు సుమారు లక్షా ఇరవై వేలమందిని ఇళ్లలోంచి తీసుకుపోయి ముళ్లకంచెల క్యాంపుల్లో పెట్టారు. వాళ్లలో ఎక్కువమంది అక్కడే పుట్టిన అమెరికా పౌరులు. కాలిఫోర్నియా యూనివర్సిటీ పిల్లలూ ఉన్నారు. సెమిస్టరు మధ్యలో పుస్తకాలు కట్టుకుని పోవలసి వచ్చింది.

హార్వీ ఇటానో అనే కుర్రాడు ఆ ఏడు బర్కిలీలో అందరికంటే మొదట నిలిచి యూనివర్సిటీ పతకం సంపాదించాడు. పతకం ఇచ్చే రోజున అతను మైదానంలో లేడు. శాక్రమెంటో దగ్గర నిర్బంధ కేంద్రంలో ఉన్నాడు. ఆ పిల్లవాడు సబ్జెక్ట్ ఎ భయం దాటాడు, రసాయన శాస్త్రంలో సాటిలేనివాడయ్యాడు. అయినా ఏ ఇమ్తెహాన్‌లో ఎన్ని మార్కులొచ్చినా ఇంటిపేరు మారదు కదా. ముస్లిం పేరుతో ఈ దేశంలో కిరాయి ఇల్లు వెతికినవాళ్లకి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఫీజు ఇక్కడ కూడా అడ్డొచ్చింది. సొంత రాష్ట్రంలో ట్యూషన్ లేని పిల్లలు పరాయి రాష్ట్రం కాలేజీలు వెతుక్కోవాలి. ఆ కాలేజీకి సైన్యం ఒప్పుకోవాలి, కాలేజీ వీళ్లకి సీటు ఇవ్వాలి, డబ్బుంది అని చూపించాలి. క్యాంపుకి పోయే తొందరలో అమ్మానాన్నలు దుకాణాలు, పొలాలు కారుచవకగా అమ్మేసుకున్నారు. డబ్బు ఎక్కడిది? క్వేకర్లనే క్రైస్తవులు, కొందరు టీచర్లు, యూనివర్సిటీ పెద్దలు కలిసి 1942 మేలో ఒక మండలి పెట్టి చందాలు పోగుచేశారు. ఆ మండలి మదద్‌తో 4,000 మందికి పైగా పిల్లలు క్యాంపుల నుంచి కాలేజీలకి పోగలిగారు. సర్కారు రాయని మాఫీని మామూలు మనుషులు రాశారు. వాళ్లకి సలాం.

ఇటానో సెయింట్ లూయీలో వైద్యం చదివాడు. 1949లో లైనస్ పౌలింగ్‌తో కలిసి సికిల్ సెల్ రక్తహీనత ఒక అణువు లోపం వల్ల వస్తుందని చూపించినవాళ్లలో ఒకడయ్యాడు. చదువు ఆగిపోయిన మిగతావాళ్లకి గౌరవ డిగ్రీలు ఇవ్వాలని కాలిఫోర్నియా యూనివర్సిటీ 2009లో తీర్మానించింది. సుమారు 700 మంది లెక్క తేలారు. చాలామంది అప్పటికే పోయారు. పిల్లలు, మనవళ్లు వచ్చి కాగితం తీసుకున్నారు. 67 ఏళ్ల బాకీ అది, వడ్డీ లేకుండా తీరింది.

సిపాయి తిరిగొచ్చాక

1944 జూన్ 22న జి.ఐ. బిల్ వచ్చింది. తిరిగొచ్చిన సిపాయి చదువుకి ఏడాదికి 500 డాలర్ల దాకా సర్కారు కడుతుంది. హార్వర్డ్ ట్యూషన్‌కి కూడా అది చాలేది. పైగా ఒంటరివాడికి నెలకు 50, కుటుంబం ఉన్నవాడికి 75 డాలర్లు. స్కూలు మధ్యలో మానేసి ఫౌజులోకి పోయినవాళ్ల కోసం 1942లో జి.ఇ.డి. అనే పరీక్ష తయారైంది. అది నెగ్గితే హైస్కూలు చదివినట్టే లెక్క. ఇలాంటి మోటు మనుషులు వస్తే తాలీమ్ పాడైపోతుందని పెద్ద పెద్ద యూనివర్సిటీ అధ్యక్షులే భయపడ్డారు. సుమారు 22 లక్షలమంది కాలేజీల్లో చేరారు. క్లాసుల్లో ముందు నిలిచింది ఆ మోటు మనుషులే.

ఆ మాఫీలో కూడా నల్లవాళ్ల వాటా కోతపడింది. చట్టంలో రంగు మాట లేదు. దక్షిణ రాష్ట్రాల్లో కాలేజీలు వేరు, వాళ్ల కాలేజీలు తక్కువ, సీట్లు ఇంకా తక్కువ. కాగితం మీద హక్కు ఉండి కూర్చోడానికి బెంచీ లేకపోవడం అంటే ఏమిటో మనకి తెలుసు.

తర్వాత కొరియా జంగ్ వచ్చింది. 1951 మే 26న కాలేజీ పిల్లలకి మరో పరీక్ష. 70 మార్కులు వస్తే ఫౌజు పిలుపు వాయిదా పడే వీలుంది. ఇక్కడ పరీక్షకి రుసుము ప్రాణమే. కాలేజీ మెట్లు ఎక్కలేని గరీబు కుర్రాడికి ఆ పరీక్షే లేదు. వియత్నాం రోజుల్లో, 1966లో, దాన్ని మళ్లీ తెచ్చారు. అదే ఏడాది మన ముహమ్మద్ అలీ సంగతి చూడండి. 1964లో ఫౌజు రాత పరీక్ష తప్పాడని ఆయన్ను పక్కన పెట్టారు. 1966లో మనుషులు కావలసి వచ్చి పాసు మార్కు తగ్గించారు. అదే పాత మార్కులతో ఆయన రాత్రికి రాత్రి అర్హుడైపోయాడు. ఆయన మారలేదు, గీత మారింది. నేను పోను అన్నందుకు 1967లో ఆయన కిరీటం లాక్కున్నారు.

మన గుమ్మం

ఇదంతా అమెరికా పాపమని చేతులు దులుపుకోవడానికి లేదు. మొదటి జంగ్ నడుస్తుండగానే 1917లో నిజాం ఫర్మానాతో ఉస్మానియాకి పునాది పడింది, 1919లో క్లాసులు మొదలయ్యాయి. ఒక హిందుస్తానీ జబాన్‌లో పై చదువులు చెప్పవచ్చని చూపించిన యూనివర్సిటీ అది. తర్జుమా కోసం ప్రత్యేకంగా దఫ్తరు పెట్టి సైన్సు పుస్తకాలు ఉర్దూలోకి తెచ్చారు. నా జబాన్‌కి దక్కిన ఆ ఇజ్జత్ నాకు సంతోషం. కానీ అదే గుమ్మం ముందు నిలబడిన వరంగల్, నల్లగొండ తెలుగు ఇంటి పిల్లవాడికి అది ఎత్తైన గుమ్మమే. ఇంట్లో ఒక మాట, పరీక్షలో ఇంకో మాట. 1948 తర్వాత ఇంగ్లిష్ వచ్చేసరికి ఆ గుమ్మం ఉర్దూ పిల్లలకి కూడా ఎత్తయింది. జబాన్ ఏదైనా, గుమ్మం ఎత్తు తెలిసేది లోపల కూర్చున్నవాడికి కాదు, బయట నిలబడ్డవాడికి.

అయితే మన దగ్గర ఒక మంచి కూడా జరిగింది. రాజశేఖరరెడ్డి గారి హయాంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. ఏ జంగూ లేదు, ఏ సిపాయీ కావలసిన అవసరం లేదు. బీసీ, మైనారిటీ గరీబు పిల్లల ఫీజు సర్కారే కడతానంది. బకాయిలు, ఆలస్యాలు, కాలేజీల గొడవలు ఉన్నాయి, కాదనను. కానీ మా మేనకోడలు ఇంజనీరింగ్ చదివింది దానితోనే. పరుపుల దుకాణం నుంచి ఆ ఫీజు ఎన్నటికీ వచ్చేది కాదు. అంటే, జంగ్ లేకుండా కూడా మాఫీ రాయొచ్చు. కలం పట్టినవాడికి మనసు ఉండాలి, అంతే. యుద్ధంలో సాధ్యమైనది శాంతిలో అసాధ్యమని ఎవరైనా చెబితే, ఈ తేదీలు చూపించండి: 1918, 1943, 1944.

మొన్న ఆదివారం మళ్లీ ఫోన్ చేసింది. లైబ్రరీలో రాత్రి పని దొరికిందట, ఆ క్లాసు ఫీజు వాయిదాల్లో కట్టేస్తోందట. నేను ఈ తవారీఖ్ అంతా చెప్పాను. ఓపిగ్గా విని, చివర్లో అంది:

“క్లాసు మంచిదే మామూ. టీచరమ్మ చాలా బాగా చెబుతుంది. నాన్న పరుపు కుట్టే తీరు మీద రాశాను, బాగుందని అందరికీ చదివి వినిపించింది.”

“మరింకేం బేటీ!”

“అదే నేను అనేది. ఇంత మంచి క్లాసుని తప్పు చేసినవాళ్లకి వేసే శిక్షలాగా ఎందుకు అమ్ముతున్నారు?”

నా దగ్గర జవాబు లేదు. రసీదులు మాత్రం జాగ్రత్తగా దాచుకోమన్నాను. ఇటానో తోటివాళ్ల కాగితాలు 67 ఏళ్ల తర్వాత కూడా పనికొచ్చాయి.